శివారుకి నీళ్లు

మూఢం వచ్చిందంటే మా ఇంట్లో
అద్దం కూడా మూతి ముడుచుకుంటుందండి.
పెళ్లికూతుళ్లుండరు. పూలజడలుండవు.
మేకప్ పెట్టె మీద పౌడరు కన్నా దుమ్మెక్కువ.

మాఘంలో ఇరవై మూడు ముఖాలు దిద్దాను.
పోడూరు, ఆచంట, పెనుగొండ,
మార్టేరులో ఒకే రాత్రి రెండు.
అప్పుడు నోట్లు మడతపెట్టిన ఈ చెయ్యే
ఆషాఢంలో కందిపప్పు డబ్బా అడుగు గీరింది.

మధ్యలో కార్డు.

"ఉంచుకోండి మేడం, ఫ్రీ" అన్నాడు
భీమవరంలో టేబులేసుక్కూచున్న కుర్రాడు.
మొదట రింగ్ లైటు. తర్వాత గ్యాసుబండ.
తర్వాత మావాడి ఇంటరు ఫీజు.
ఆ తర్వాత, మొదటి కార్డు కట్టడానికి రెండోది.

పాలకొల్లులో చిట్టిరాజు సెల్ పాయింటు.
గీకుతాడు, లెక్కపెడతాడు,
వందకి రెండున్నర విరుచుకుని చేతిలో పెడతాడు.
దీన్ని రొటేషన్ అంటారండి.
గానుగెద్దూ తిరుగుతుంది,
సాయంత్రానికి దానికి నూనైనా కనబడుతుంది.

నెలనెలా పద్దెనిమిదిన మెసేజి:
మొత్తం బాకీ అరవై ఎనిమిది వేలు.
మూడువేల నాలుగొందలు కడితే చాలు.
ఆ 'చాలు' ఎంత తియ్యగా ఉంటుందో
పడ్డవాళ్లకే తెలుసు.
రెండేళ్లు చాలు చాలంటూ కట్టాను.
అరవై ఎనిమిది అక్కడే ఉంది,
రేవులో కట్టేసిన పడవలా,
కాస్త పైకి, కాస్త కిందికి.

మా నాన్న ఏసుపాదం కాలువ మీద లస్కరు.
దాళ్వాలో వంతులు పెట్టి
ఊళ్లకి ఊళ్లు తడిపిన చెయ్యి.
ఇప్పుడు శుక్లం తీసిన కన్ను, నల్ల కళ్లద్దాలు.
కాగితాలన్నీ మంచమ్మీద పరిచి నేను కూర్చుంటే
అంకెలడగలేదు.
"నీళ్లున్నాయి కదాని తలుపులన్నీ ఒకేసారి ఎత్తేస్తున్నావన్నమాట.
మరి శివారుకేం తాగిస్తావే?"

నాకు శివారు పొలం ఎక్కడేడ్చింది నాన్నా, అన్నాను.

"ఆషాఢం" అన్నాడు.

ఎండల్లో కాలువ కట్టేసే ముందు
మంచినీళ్ల చెరువు నింపుకుంటాం.
దాన్నెవరూ పొదుపనరు,
నీళ్లు పెట్టుకోవడం అంటారు, అంతే.

పోస్టాఫీసులో ఇంకో పుస్తకం తెరిచాను.
ఏ పెళ్లి డబ్బైనా ముందు అందులోకి.
ఒకటో తారీఖున నాకు నేను జీతమిచ్చుకుంటాను,
తొమ్మిది వేలు.
మాఘమైనా తొమ్మిదే, మూఢమైనా తొమ్మిదే.
నోటుబుక్కులో సంతకం కూడా పెట్టానండి,
యజమాని గడిలో నేనే, కూలీ గడిలో నేనే.
నాలుగు నెలల జీతం నిలవయ్యాక
పైన పొర్లిందంతా కార్డుకి.

బ్యాంకుకి మూడుసార్లు తిరిగాను.
రెండుసార్లు కుర్చీ ఖాళీ.
మూడోసారి కుర్చీలో మనిషున్నాడు,
"వాయిదాల కింద మార్చండి, ఇక వాడను" అన్నాను.
వాడనని బయటికి అన్నది అదే మొదలు.

కనుబొమ్మల కత్తెరతో కార్డు కోశాను.
చిప్పు దగ్గర మొరాయించింది.
కార్డు తెగినంత తేలిగ్గా అప్పు తెగదు కదా,
రెండో కార్డు బీరువాలో బతికే ఉంది.

భాద్రపదంలో జారాను.
సెల్ పాయింటు మెట్టు దాకా వెళ్లి వచ్చేశానని
మా ఆయనతో చెప్పాను గానీ,
లోపలికే వెళ్లాను. నాలుగు వేలు.
"ఏం సుగుణమ్మా, నల్లపూసైపోయావు" అంటూ
చిట్టిరాజు కుర్చీ తుడిచి మరీ వేశాడు.
ఇంత మర్యాద మా చుట్టాలిళ్లలో లేదు.

మళ్లీ మూఢం.
ఇంకా ఇరవై ఒక్క వేలుంది బాకీ.
ఇవాళ ఒకటో తారీఖు.
తొమ్మిది వేలు లెక్కపెట్టుకుని సంతకం పెడుతుంటే
గుమ్మంలోంచి నాన్న:
"శివారుకి అందిందా?"

చీలమండ దాకా, అన్నాను.

"నారు బతుకుతుందిలే" అని
తల వెనక్కి వాల్చి
కంట్లో చుక్కలెయ్యమన్నాడు.